రాని పిల్లల కోసం వచ్చిన మేడం

బడి గేటు దాటకముందే ఫినాయిల్ వాసన ముక్కుకు తగిలిందంటే లోపల ఏం జరగబోతోందో నాకు సగం తెలిసిపోతుంది. మొన్న తనిఖీకి వెళ్ళిన ప్రాథమిక పాఠశాలలోనూ అంతే. వరండా కడిగిన తడి ఇంకా ఆరలేదు. గోడలకు అంటించిన కొత్త చార్టుల మూలల్లో జిగురు కూడా ఆరలేదు. హెడ్మాస్టరు ఇస్త్రీ చొక్కాలో గేటు దగ్గరే కాచుకుని ఉన్నాడు. పిల్లలు లేచి నిలబడి ఒకే గొంతుతో నమస్కారం చెప్పారు. నేను గంభీరంగా తల ఊపాను గానీ లోపల నవ్వు ఆగలేదు. ఎందుకంటే ఆ వాసనతోపాటే సుగుణమ్మ మేడం మాట గుర్తొచ్చింది. “ఫినాయిల్ ఘాటుగా ఉండాదంటే మనం వస్తామని ముందే తెలిసిపోయిందని అర్థం భారతీ. ఎవురు చెప్పినారని మాత్రం ఆరా తియ్యొద్దు. చెప్పింది మన ఆఫీసోళ్ళే అయ్యుంటారు” అనేది ఆమె.

నేనిప్పుడు చిత్తూరు జిల్లాలో ఒక మండలానికి విద్యాధికారిని. బడులు తిరిగి చూడటం, వాటికి మార్కులు వేయడం, ఏ బడి ముందుంది, ఏ బడి వెనకబడింది అని వరసగా రాసి పైకి పంపడం నా ఉద్యోగంలో పెద్ద భాగం. నేను కొత్తగా టీచరుగా చేరిన రోజుల్లో ఇదే కుర్చీలో సుగుణమ్మ మేడం ఉండేది. మీరెవరూ ఆమెను చూసి ఉండరు కాబట్టి చెబుతున్నాను. పొట్టి మనిషి, గట్టి మనిషి. జుట్టు లాగి బిగించి ముడి వేసుకునేది. నూలు చీర, చేతిలో గొడుగు, భుజానికి ఏదో నగల దుకాణం వాళ్ళిచ్చిన గుడ్డ సంచీ. జీపు అడిగితే వచ్చేదేమో, అడగలేదు. ఆర్టీసీ బస్సులో వచ్చి దిగేది. ఆమె ఏ బస్సులో వస్తోందో మండలంలోని టీచర్లందరికీ బస్సు దిగకముందే తెలిసిపోయేది. దిగాక ఎటు పోయిందో మాత్రం ఎవరికీ తెలిసేది కాదు.

నేను చేరిన బడి చిత్తూరు నుంచి తిరుపతికి పోయే పెద్దరోడ్డుకు కొంచెం లోపలగా, మామిడితోటల మధ్య ఉన్న ఒక పల్లెలో ఉంది. పల్లె పేరు రాయను. రాస్తే ఆ ఊరివాళ్ళు ఇంటికొచ్చి మరీ, మా గురించి ఇంకా బాగా రాయాల్సింది అని తగాదా పెట్టుకుంటారు. రెండు గదుల బడి, ఇద్దరు టీచర్లం. హెడ్మాస్టరు మునిరత్నం సారుకు పదవీ విరమణ దగ్గర పడింది. మంచివాడు, పిల్లల మీద చెయ్యెత్తి ఎరగడు, కానీ తనిఖీలను ఎట్లా గట్టెక్కాలో తెలిసినంతగా ఆయనకు మరేదీ తెలియదు. అధికారి ప్రశ్న అడిగితే పిల్లలంతా చేతులెత్తాలని నేర్పేవాడు. జవాబు తెలిసినవాళ్ళు కుడిచెయ్యి, తెలియనివాళ్ళు ఎడమచెయ్యి. చూసేవాళ్ళకు గది నిండా చేతులే. సారు మాత్రం కుడిచేతివాళ్ళనే లేపేవాడు. నేను ముక్కున వేలేసుకుంటే, “ఊరుకోమ్మా, నువ్వు కొత్త. నిన్నగాక మొన్న వచ్చినావు” అని నవ్వేవాడు.

ఆ రోజుల్లోనే మాకు ర్యాంకుల జాబితా మొదలైంది. పిల్లలతో ఒక పేరా చదివించి, నాలుగు లెక్కలు చేయించి, మార్కులు ఫోనులో ఎక్కించాలి. చాలా బడుల్లో ఆ పని టీచర్లదే, కొన్నిటికి మాత్రం మేడం స్వయంగా వచ్చేది. మండలంలోని బడులన్నిటినీ వరసపెట్టి ఆఫీసు గోడకు అంటించేవాళ్ళు. టీచర్ల వాట్సాప్ గ్రూపులో అదే సాయంత్రానికి వచ్చి పడేది. పైనున్న బడికి శాలువా, కిందున్న బడికి సలహాలు. సలహాలతో పోతే బాధ లేదు. అడుగున మిగిలిన చిన్న బడులను దగ్గర్లోని పెద్ద బడిలో కలిపేస్తారని మాట వచ్చింది. మాకు దగ్గర్లోని పెద్ద బడి పెద్దరోడ్డుకు అవతల ఉంది. లారీలు, టెంపోలు, కొండకు పోయే యాత్రికుల కార్లు తెరిపి లేకుండా పోయే ఆ రోడ్డును ఒకటో తరగతి పిల్లలు రోజూ దాటాలి. ఆ ఊళ్ళో చాలా ఇళ్ళలో అమ్మానాన్నలిద్దరూ పొద్దున్నే కూలికి పోతారు. చెయ్యి పట్టుకుని దాటించేవాళ్ళు ఉండరు. బడి పోతే చిన్నపిల్లల్లో సగంమంది చదువే మానేస్తారని ఊళ్ళో అందరికీ తెలుసు. మా బడేమో జాబితాలో కిందినుంచి చూస్తే వెంటనే కనపడేది.

ఊరివాళ్ళను పిలిచి సమావేశం పెట్టాం. అందరికంటే ముందు అడిగింది రాణెమ్మ. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని చేసేది, సీజను అయిపోతే తోటల్లో కూలికి పోయేది. ఆమె కూతురు కావేరి మూడో తరగతి. అంతకుముందు రెండేళ్ళు తమిళనాడులో ఇటుకబట్టీల దగ్గర అమ్మానాన్నలతో ఉండి వచ్చిన పిల్ల. మాటకారి, లెక్కలు నోటితో టకటకా చెప్పేది, పుస్తకం తెరిస్తే మాత్రం అక్షరాలు కూడబలుక్కునేది.

“ఏం సార్, మా బడిని ఎత్తేస్తారంటనే?” అంది రాణెమ్మ.

“పిలకాయలు బాగా సదివితే ఎత్తరమ్మా. తనిఖీకి పెద్ద మేడం వస్తా ఉండాది. ఈ తూరి మంచి మార్కులు పడితే గండం గడిచినట్టే” అన్నాడు మునిరత్నం సారు.

“సదవలేనోళ్ళు ఉంటేనో?”

“ఉంటే ఏం చేస్తామమ్మా. వాళ్ళతో కలిపి లెక్క కడతారు. బడి మార్కు రొంత తగ్గిపోతాది.”

రాణెమ్మ వెనక్కి తిరిగింది. పక్కనున్న ఆడవాళ్ళతో మెల్లగా ఏదో మాట్లాడుకుంది. ఆ మాటల్లో ఏం నిర్ణయం జరిగిందో మా ఇద్దరికీ అంతుపట్టలేదు.

తనిఖీ రోజు బడికి కొందరు పిల్లలు రాలేదు. ఊళ్ళో జ్వరాలు తిరుగుతున్నాయి, అదేలే అనుకున్నాం. బస్సు వచ్చి వెళ్ళిపోయింది. మేడం మాత్రం రాలేదు. మునిరత్నం సారు గేటుకూ గదికీ మధ్య తిరుగుతూ చెమటలు తుడుచుకుంటున్నాడు. చాలాసేపటికి ఊరి చివరి ఇళ్ళ వైపునుంచి గొడుగు కనపడింది. గొడుగు కింద సుగుణమ్మ మేడం, ఆమె చెయ్యి పట్టుకుని కావేరి, వెనక మిగిలిన పిల్లలు, అందరికంటే వెనక చెంగుతో ముఖం తుడుచుకుంటూ రాణెమ్మ. మేడం పద్ధతే అది అని నాకు తర్వాత తెలిసింది. ముందు బడికి పోదు. ఊళ్ళోకి పోయి, బడి ఈడు పిల్లలు ఏ ఇంటి ముందు ఆడుకుంటున్నారో చూస్తుంది. వాళ్ళతో మాట్లాడాకే బడికి వస్తుంది.

“వీళ్ళంతా మీ బడి పిలకాయలే కదా సార్?” అని అడిగింది మునిరత్నం సారును. ఆయన తల మాత్రం ఊపాడు. మేమే చెప్పి ఆపించామని ఆమె అనుకుంటుందేమో అని నాకు భయమేసింది. రాణెమ్మే ముందుకు వచ్చింది.

“ఐవోర్లను ఏమీ అనొద్దు మేడమా. వాళ్ళకు తెలీదు. మేమే మాట్లాడుకొని ఆపినాము. నా బిడ్డకు సదువు రొంత తక్కువ. దాని వల్ల బడి పోయిందంటే నేను ఊళ్ళో మొగం ఎత్తుకొని తిరగ్గలనా? ఒక్క పూట ఇంట్లో ఉంటే ఏం పోతాదని...”

ఆమె మాట పూర్తి కాకముందే నాకు ఏడుపు వచ్చింది. ఏ తల్లయినా తన బిడ్డ బడికి పోవాలని పోట్లాడుతుంది. ఈ తల్లులు బడి బతకాలని తమ బిడ్డలనే దాచారు. సుగుణమ్మ మేడం మాత్రం ఏడవలేదు, మందలించలేదు. “నీ బిడ్డ కోసరమే బడి ఉండాది తల్లీ. బడి కోసరం నీ బిడ్డ కాదు. నువ్వు పనికి పో, టైమైతాండాది” అని పంపించేసింది.

తర్వాత తరగతిలో నిలబడి ఒక ప్రశ్న అడిగింది. అలవాటు ప్రకారం అన్ని చేతులూ లేచాయి. కావేరి ఎడమచెయ్యి ఎత్తింది, అందరికంటే పైకి. మేడం గదంతా ఒకసారి చూసి, నేరుగా ఎడమచేతులవాళ్ళ దగ్గరికే పోయి ఒక్కొక్కరినీ లేపడం మొదలుపెట్టింది. మునిరత్నం సారు ముఖంలో నెత్తుటిచుక్క లేదు. ఆమె ఆయన పక్కనుంచి పోతూ, “నేనూ టీచరుగా చేసినాను సార్. మా కాలంలో తెలిసినోళ్ళది ఎడమచెయ్యి” అంది. ఆ మాటకు ఆయన కూడా నవ్వేశాడు. అట్లా అందరూ నవ్విన తర్వాతే ఆమె నేలమీద కూర్చుని ఒక్కో పిల్లనూ పిల్లవాణ్ణీ పక్కన పెట్టుకుని చదివించింది. తొందరపెట్టలేదు. మధ్యాహ్నం పిల్లలతోపాటే అన్నం తిని మళ్ళీ కూర్చుంది. చివర కావేరి. రెండు పదాలు చదివి, మూడోదానికి తడబడి, తల పైకెత్తి చూసింది. “పర్వాలేదు, రేపు చదువుదువుగానిలే” అని మేడం ఆ పిల్ల జడ సరిచేసింది. చేతిలోని ఫోనులో మాత్రం ఉన్నదున్నట్టు నమోదు చేసింది.

వారం తిరక్కుండానే జాబితా వచ్చింది. మా బడి అట్టడుగున. దాని కింద ఇంకేమీ లేదు.

నాకు అప్పుడు వయసూ తక్కువ, కోపమూ ఎక్కువ. శనివారం బడి అయిపోగానే బస్సెక్కి మేడం ఆఫీసుకు పోయాను. నమస్కారం కూడా సరిగా పెట్టానో లేదో. “మీరు కళ్ళారా చూసినారు కదా మేడం! ఆ తల్లి మాట విన్నారు కదా! ఆ పిల్లలను తీసుకొని రాకపోయుంటే మా బడి నిలబడేది కదా!” అని గట్టిగానే అడిగాను. పక్క గదిలో గుమాస్తా టైపు చేయడం ఆపి మరీ విన్నాడు. మేడం నాకు మజ్జిగ తెప్పించింది.

“మా నాయన నగరిలో మగ్గం నేసేవాడు” అని మొదలుపెట్టింది. “సీర నేసి తెస్తే మా తాత మొదట దాన్ని తిరగేసి సూసేవాడు. పైపక్క ఎవురైనా బాగానే నేస్తారు. తెగిన పోగు యాడ ముడేసినారు, యాడ వదిలేసినారు అనేది ఎనకపక్కే తెలుస్తాది. నేను బడికి పోయినా అదే సూస్తా. ఇంగ చెప్పు, నేను అబద్ధం రాసినాననుకో, మీ బడి నిలబడతాది. కావేరి ఏమైతాది?”

“ఏమైతాది మేడం? అదే బడిలో చదువుకుంటుంది.”

“లేదు. వచ్చే తనిఖీకి మళ్ళా ఇంట్లోనే ఉంటాది. దాని పై తనిఖీకీ ఇంట్లోనే. ఆ బిడ్డకు సదువు రాలేదనే సంగతి ఏ కాగితం మీదా ఉండదు. రాలేదని తెలియని బిడ్డకు ఎవురు నేర్పిస్తారు? నువ్వే నేర్పిస్తావా? నీకూ ర్యాంకు కావాలి కదా, నువ్వు సదువొచ్చినోళ్ళనే తోముతావు.”

ఆ మాట నిజమే. కోపం మాత్రం తగ్గలేదు. “అయితే బడి పోనీమంటారా?” అన్నాను.

“ఎవురన్నారు పోనీమని? నువ్వు పోయి ఆ బిడ్డకు సదువు చెప్పు. బడి సంగతి నేను సూసుకుంటా.”

ఆమె ఎట్లా చూసుకుంటుందో నాకు నమ్మకం కుదరలేదు. కానీ సోమవారంనుంచీ కావేరినీ, కావేరితోపాటు ఇంట్లో ఆగిపోయిన మిగతా పిల్లలనూ బడి విడిచాక కూర్చోబెట్టుకున్నాను. పుస్తకం పక్కన పెట్టి ఆ పిల్ల మాటలే బోర్డు మీద రాశాను. ఇటుక, బట్టీ, లారీ, అమ్మ, కాయ. తన నోటి మాటలు బోర్డు మీద కనపడేసరికి కావేరికి హుషారు వచ్చింది. చదువు చెప్పడం అంటే ఏమిటో నాకు తెలిసింది ట్రైనింగు కాలేజీలో కాదు, ఆ సాయంత్రాల్లోనే అని ఇవాళ ఏ వేదిక మీదైనా చెప్పగలను.

కలిపేయాల్సిన బడుల సంగతి తేల్చడానికి మండలం హెడ్మాస్టర్లందరికీ సమావేశం పెట్టారు. మునిరత్నం సారుకు ఒంట్లో బాగాలేక నన్ను పంపించాడు. జిల్లా ఆఫీసు నుంచి ఒక పెద్దసారు వచ్చాడు. ర్యాంకుల జాబితా తెర మీద వేశారు. మొదటి స్థానం వచ్చిన హెడ్మాస్టరు శాలువా కప్పించుకుని ముందు వరసలో కూర్చున్నాడు. ఆ బడిని నేనూ చూశాను. గోడల నిండా రంగులు, వరండాలో బొమ్మలు, పైన పటారం, లోన లొటారం. మా బడి పేరు తెర అడుగున వెలుగుతుంటే నేను తల దించుకుని కూర్చున్నాను. అప్పుడు సుగుణమ్మ మేడం లేచింది.

“సార్, కలిపేసే బడుల జాబితా మీద సంతకం పెట్టేముందు వీళ్ళను ఒక్క మాట అడగాల. పరీక్ష పెట్టిన దినం మీ బడిలో ఎంతమంది రాలేదో ఒక్కొక్కరూ లేచి చెప్పండప్పా.”

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఒకరు ఫోను తీశారు, ఒకరు కళ్ళజోడు తుడిచారు. ఎవరో జ్వరాలన్నారు. ఎవరో ఊళ్ళో జాతరన్నారు. “జ్వరం కూడా సదువు రానోళ్ళకే వస్తా ఉండాదే ఈ మండలంలో!” అంది మేడం. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. శాలువా సారు నవ్వలేదు.

“సార్, ఆ అడుగునుండే బడి ఒక్కదాంట్లోనే, నేను ఇండ్లకు పోయి పిలుచుకొచ్చినాక, పిలకాయలందరూ లెక్కకు వచ్చినారు. మిగిలినవన్నీ మంచి పిలకాయల్ని ముందర పెట్టి, మిగతావాళ్ళను దాచినాయి. అందరూ లెక్కకు వచ్చిన బడిని మూసేసి, దాచినోళ్ళకు శాలువా కప్పితే రేపటి నుంచి అందరూ దాస్తారు. నేను దీని మీద సంతకం పెట్టను. అన్ని బడుల్లో పిలకాయలందర్నీ పిలిచి మళ్ళా సూస్తాము. అప్పుడు కూడా ఇదే అడుగున ఉంటే నేనే పోయి తాళం వేసి వస్తా.”

“లేటైతే నాకు పైనుంచి మెమో వస్తుందమ్మా” అన్నాడు పెద్దసారు చిరాకుగా.

“నాకు ఇవ్వండి సార్. లేటు చేసింది నేనే కదా.”

నాకు ఆ క్షణంలో లేచి చప్పట్లు కొట్టాలనిపించింది. ధైర్యం చాలక చేతులు ఒళ్ళోనే పెట్టుకున్నాను. పెద్దసారు ఫైలు మూసి, “సరే, మళ్ళీ చూడండి” అన్నాడు. మెమో నిజంగానే వచ్చింది. మేడం దాన్ని చదివి, మడిచి సంచీలో పెట్టుకుని బస్సెక్కి తర్వాతి ఊరికి పోయింది.

మళ్ళీ చూశారు. ఈసారి పక్క మండలం టీచర్లు వచ్చారు, రాని పిల్లల ఇళ్ళకు మనుషులు వెళ్ళారు. ఆ రోజు రాణెమ్మ పనికి పోకుండా కావేరిని తానే తల దువ్వి తీసుకొచ్చి మొదటి వరసలో కూర్చోబెట్టింది. కావేరి పేరా మొత్తం గడగడా చదివేసిందని రాస్తే ఇక్కడ బాగుంటుంది గానీ, చదవలేదు. సగం చదివింది. ఆ సగం సొంతంగా, వేలు పెట్టుకుని, అక్షరం వదలకుండా చదివింది. మొదటి స్థానం బడి ఎక్కడికో జారిపోయింది. మేము జాబితా మధ్యలో, ఎవరి కంటికీ ఆనని చోట తేలాం. మధ్యలో ఉన్న బడిని ఎవరూ మూయరు. మా బడి ఉంది. ఇప్పటికీ ఉంది. కావేరి ఆ ఏడాదే గడగడా చదివింది, ఇప్పుడు తిరుపతిలో నర్సింగు చదువుతోంది.

సుగుణమ్మ మేడంను మాత్రం ఆ మండలంలో ఎక్కువ కాలం ఉంచలేదు. చిత్తూరులో ఒక ఆఫీసు గదిలో ఫైళ్ళ మధ్య కూర్చోబెట్టారు. చూడటానికి పోతే, “బస్సు కుదుపులు తప్పినాయిలే” అని నవ్వింది గానీ, కిటికీలోంచి రోడ్డు మీద పోయే బడిపిల్లలను లెక్కపెడుతూనే మాట్లాడింది. పదవీ విరమణ తర్వాత తిరుచానూరులో చెల్లెలి ఇంటి పక్కనే చేరింది. నాకు ఈ ఉద్యోగం వచ్చినప్పుడు మిఠాయి తీసుకుని పోయాను. దీవించింది, తిన్నది, ఒక్క మాట చెప్పింది. “కుర్చీలో కూర్చున్నాక అందరూ నీకు మంచి పిలకాయల్నే సూపిస్తారు. నీ పని అది కాదు.” పోయినేడాది ఆమె పోయింది. వార్త తెలిసిన రోజు నేను ఒక ఊరి చివరి ఇళ్ళ మధ్య ఉన్నాను. అక్కడే ఒక అరుగు మీద కూర్చుని, ఎవరు చూస్తే ఏమనుకుంటారని కూడా చూసుకోకుండా ఏడ్చాను.

ఈ ఏడు మా మండలంలో ఒక పద్ధతి పెట్టాను. పరీక్ష రోజు రాని పిల్లలను తర్వాతి రోజుల్లో ఇంటికి పోయి పిలిచి, వాళ్ళ మార్కులు కలిపాకే బడి లెక్క పూర్తయినట్టు. హెడ్మాస్టర్లు గొణిగారు. కొందరు నా మీద పైకి ఫిర్యాదు పెట్టారు. పోయినేడు జిల్లాలో ముందు వరసలో ఉన్న మండలం ఈ ఏడు కిందికి దిగింది. దిగుతుందని లెక్క పంపేముందే నాకు తెలుసు. ఎక్కడ నేర్పాల్సిన పిల్లలున్నారో కూడా ఇప్పుడు తెలుసు. వచ్చే ఏడు పైకి వస్తాం, ఆ సంగతిలో నాకు అనుమానమే లేదు. నిన్న పొద్దున జిల్లా ఆఫీసు నుంచి ఫోను వచ్చింది.

“ఏంటమ్మా భారతీ, మీ మండలం అంత కిందికి పడిపోయిందే? ఏమైంది?”

“పడిపోలేదు సార్” అన్నాను. “ఈ తూరి పిలకాయలందరూ వచ్చినారు.”